నల్ల పొర మీద ఊపిరి

జూన్ 4

షాపుకి రెండు తూకం మిషన్లు రిపేరుకి వచ్చాయి. ఒకటి ఎవరెక్కినా ఒకే బరువు చూపిస్తోంది. దాని యజమానికి అది బాగానే నచ్చినట్టుంది. భార్య పంపిస్తే తెచ్చాడు.

సాయంత్రం మేనకోడలు వచ్చింది. గాలిలో తడిని కొలిచే సెన్సార్లు తయారుచేసే ల్యాబులో దాని ఉద్యోగం. ఏడాదిగా నేను అడుగుతున్నది ఈరోజు తెచ్చిచ్చింది. మందుసీసా అంత సీసా, అందులో సిరాలాంటి నల్లటి ద్రవం. కార్బన్ నానోట్యూబులు. పెన్సిలు ములుకు ఏ సరుకో ఇవీ అదే సరుకు, కాకపోతే గొట్టాల ఆకారం, వెంట్రుకని నిలువునా వేల పేలికలు చేస్తే వచ్చేంత సన్నం. వాటిని జిగురులాంటి పాలిమర్‌లో కలిపారు. ఆ గొట్టాలు ఒకదాన్నొకటి తాకుతున్నంతసేపూ కరెంటు నడుస్తుంది. గాలిలో తడి ఎక్కితే పాలిమర్ ఉబ్బుతుంది, గొట్టాలు ఎడమవుతాయి, కరెంటుకి దారి కష్టమవుతుంది. ఆ కష్టాన్ని కొలిస్తే తడి ఎంతో తెలుస్తుంది. ఇంత పని ఒక మచ్చంత పూతలో.

వెళ్లేటప్పుడు గుమ్మంలో ఆగి, "మామయ్యా, ఒక్క మాట. దాని మీద ఊపిరి పడనీకు. ఎవరు దగ్గరికి వంగినా కదిలిపోతుంది" అంది. సరే అన్నాను.

వాళ్ల ల్యాబులో పనికిరాదని పక్కన పెట్టిన సీసా. నాకు పనికొస్తుంది.

జూన్ 6

ప్లాస్టిక్ రేకు మీద రెండు రాగి గీతలు, దువ్వెన పళ్లలా ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుని, తాకకుండా. వాటి మీద సిరాని కుంచెతో పూశాను. ఆరాక నల్లటి పొర. మీటరు కలిపి వేడినీళ్ల గ్లాసు దగ్గరికి తెస్తే అంకె పెరిగింది. తీస్తే నెమ్మదిగా దిగింది. మళ్లీ తెచ్చాను. మళ్లీ తీశాను. భోజనానికి మా ఆవిడ చాలాసార్లు పిలిచిందట. నాకు ఒక్కసారే వినపడింది, కోపంగా పిలిచినది.

జూన్ 7

మూత బిగించిన సీసాలో తడిపిన ఉప్పు ముద్ద పెడితే లోపలి గాలిలో తడి ఎప్పుడూ ఒకేచోట నిలుస్తుందని చదివాను. నిజమే. పొరని అందులో పెట్టి మార్కు చేసుకున్నాను. వంటింట్లో ఉప్పు డబ్బా అడుగంటింది. ఎందుకో మా ఆవిడకి వివరించాను. ఈ ఇంట్లో ఉప్పు తినేవాళ్లు కూడా ఉన్నారని గుర్తుచేసింది.

జూన్ 10

పొరలు ఇంకా కొన్ని చేసి ఇల్లంతా పెట్టాను. స్నానాలగదిది గంటలు గడిచినా దిగదు. బీరువాలోది నేననుకున్నదానికంటే ఎక్కువ చూపిస్తోంది. వంటింటి సింకు కింద పెట్టినది తెల్లారేసరికి బాగా పైకి పోయింది. చెయ్యిపెట్టి చూస్తే గొట్టం చెమరుస్తోంది. ఈ లెక్కన గోడలకి కూడా కబుర్లుంటాయి, అడిగేవాడు ఉంటే.

ఆస్పత్రి నుంచి ఫోను వచ్చింది. బావమరిదిని జూలై 20న పరీక్షకి అక్కడికి తీసుకురమ్మన్నారు. మా ఆవిడే మాట్లాడింది. పెట్టేశాక చాలాసేపు ఫోను చేతిలోనే పట్టుకుని ఉంది.

ఆ రోజు డాక్టరు రెండింట్లో ఒకటి తేలుస్తారు. మనిషికి తెలివి ఉందన్న గుర్తు ఏదైనా కనిపిస్తే, కదలడం మాట్లాడటం మళ్లీ నేర్పే శిక్షణ వార్డులో చేర్చుకుంటారు. కనిపించకపోతే వేరే ఊళ్లో ఒక చోటుంది. శుభ్రంగా ఉంటుందట. అక్కడ తిప్పి పడుకోబెడతారు, గొట్టంతో ఆహారం పోస్తారు, అంతే. ఇంట్లో ఉంచుకుందామంటే మా ఆవిడ నడుము ఇప్పటికే పట్టేస్తోంది.

ఇది రాయక్కర్లేదు, నాకు తెలిసిందే. రాశాను.

జూన్ 11

విచిత్రం. ముందుగదిలో కిటికీ అంచున పెట్టిన పొరని పాత గ్రాఫు మిషనుకి కలిపి షాపుకి వెళ్లాను. ఒక క్లినిక్కు వాళ్లు పారేసిన మిషను అది. కాగితం చుట్ట తిరుగుతుంటుంది, పెన్ను దాని మీద గీస్తుంటుంది. తిరిగొచ్చి చూస్తే గీత నిండా చిన్న చిన్న అలలు. గాలికి అనుకుని కిటికీ మూసి చూశాను. అలలు ఆగలేదు.

ఆ కిటికీ పక్కనే బావమరిది తలగడ. ఫిబ్రవరిలో మెదడులో నరం చిట్లినప్పటి నుంచి అక్కడే పడుకుని ఉన్నాడు. కళ్లు తెరిచే ఉంటాయి, ఎవర్నీ చూడవు. చెయ్యి ఎత్తి వదిలితే పడిపోతుంది. ఒక ముక్కులోంచి ఆహారం గొట్టం.

రెండో ముక్కులోంచి వచ్చే ఊపిరే ఆ అల.

జూన్ 12

ముక్కు గొట్టానికి అంటించిన ప్లాస్టరు చివర చిన్న పొర ఒకటి అతికించాను. మా ఆవిడ అడిగింది ఎందుకని. ఊపిరి బయటికొస్తే పెన్ను పైకి, లోపలికి పోతే కిందికి అని చెప్పాను. దానివల్ల ఏమిటి అంది. ఏమీ లేదు, చూడటానికి అన్నాను.

నాకు ఆసక్తి పొర మీదే.

జూన్ 13

బావమరిది కూరగాయల మార్కెట్లో వేలం పాడించేవాడు. గుక్క తిప్పుకోకుండా ధరలు చెప్పగలడు. అంత నోరున్న మనిషి, తిండికి మాత్రం రోజూ అక్క దగ్గరికే. నేను భోజనం దగ్గర ఒక మాట అంటే చాలు, గరిటె అందుకుని కంచం అంచు మీద కొట్టేవాడు. "బావగారి మాట! ఒక్కటే పీసు, మళ్లీ రాదు. ఒకటోసారి... రెండోసారి..." అని ఆగి నావైపు చూసేవాడు, ఇంకోటి వస్తుందేమోనని. రాదు. అప్పుడు మూడోసారి అని కంచం మోగించేసి, ఆ మాటని వాళ్లక్కకి ఖాయం చేసేవాడు.

నాకు అది నచ్చేది కాదు.

జూన్ 15

ఒళ్లు తుడుస్తూ మా ఆవిడ వాడి మీదికి వంగి అడిగింది, "ఒరేయ్ తమ్ముడూ, వినపడుతోందా?" అని. పెన్ను పైకి లేచింది. ఎప్పుడూ లేచేదానికంటే ఎత్తు. మళ్లీ అడిగింది. మళ్లీ లేచింది.

తువ్వాలు పట్టుకుని మంచం అంచున కూర్చుండిపోయింది. నావైపు చూసింది. నేను కాగితం వైపు చూస్తున్నాను.

జూన్ 16

గీత లేస్తే అవును. లేవకపోతే కాదు. ఈ ఏర్పాటు మా ఆవిడదే.

కిటికీ తీయమన్నాడు. దుప్పటి వద్దన్నాడు. రేడియో కావాలన్నాడు. నొప్పి లేదన్నాడు. ఆమె ఒక్కొక్కటే చెవి దగ్గర అడుగుతుంది, అడిగి ఊపిరి బిగబట్టి పెన్ను వైపు చూస్తుంది. ఇక ఆపుకోలేక వదిలేసరికి గీత లేచి ఉంటుంది.

వంటింట్లో పాట వినిపించింది. చాలా నెలలైంది.

జూన్ 19

ఈరోజు బోలెడు అవునులు.

జూన్ 21

మా ఆవిడ మేనకోడలికి ఫోనులో చెప్పింది. పక్కింటివాళ్లకి చెప్పింది. ఆస్పత్రికి చెప్పింది. డాక్టరు ఆ మిషను కూడా తీసుకురమ్మన్నారట. "మీరు చేసిన పని వల్లే" అని నాతో అంది. ఏమనాలో తెలియక షాపుకి వెళ్లిపోయాను. ఆదివారమని సగం దారిలో గుర్తొచ్చింది. అయినా వెళ్లాను.

జూన్ 24

మా ఆవిడకి జలుబు. వాడికి అంటుకోకూడదని మాస్కు కట్టుకుంది. పొద్దున్నుంచి ఎన్ని అడిగినా జవాబు లేదు. నిద్రమత్తులో ఉండి ఉంటాడు.

జూన్ 25

జవాబు లేదు. పొర పాతబడింది. మార్చాను.

జూన్ 26

మార్చిన పొర కూడా పాతబడింది.

జూన్ 27

వేరే ఊరి సంగతి తన నోట విన్నాడు కాబట్టి అలిగాడంటుంది మా ఆవిడ. మాస్కు లోపలినుంచే వాణ్ణి బతిమాలుతోంది. పొర సరిగ్గా లేదు, మందం ఎక్కువైంది, అందుకే తడి చప్పున ఆరక ఒక ఊపిరి మీద ఇంకో ఊపిరి పడి కలిసిపోతోంది, పల్చగా చేస్తే అన్నీ విడివిడిగా కనిపిస్తాయి అని చెప్పాను. ఈ నెలలో ఇదే నా పొడుగాటి మాట. వేలం వేయడానికి ఎవరూ లేరు.

జూన్ 30

పల్చటి పొర కోసం రేకుని పాత టేబులు ఫ్యాను మోటారు మీద బిగించి, తిరుగుతుండగా మధ్యలో ఒక చుక్క వేశాను. చుక్క అంచుల దాకా పరుచుకుని మిగిలింది ఎగిరిపోయింది. ఎగిరింది నా చొక్కా మీదికి. మా ఆవిడ చొక్కాని చూసి ఏమీ అనలేదు. అది ఇంకా భయంగా ఉంది.

మొదటిది కాలిపోయిన కాగితంలా వచ్చింది. సిరాలో గొట్టాలు ఉండలు కట్టాయి. నగలు కడిగే చిన్న మిషను ఒకటి రిపేరుకొచ్చి షాపులో ఉంది. సీసాని అందులో పెడితే ఆ అదురుకి ఉండలు విడిపోయాయి. మిషను బాగయిందో లేదో పరీక్షించినట్టు కూడా అయింది.

జూలై 2

పల్చటి పొర కుదిరింది. వెలుతురుకి పెడితే పొగమంచులా ఉంటుంది, అవతలి వేలు కనిపిస్తుంది. ప్లాస్టరుకి అతికించాను.

ఎంత అందంగా ఉందో రాయడం నాకు చేతకాదు. ఒక్కో ఊపిరి ఒక్కో పన్ను. పైకి లేచేచోట కొంచెం నిటారు, దిగేచోట వాలు. లోపలికి పీల్చేటప్పుడు లోయ. ఒకదానికీ ఇంకోదానికీ పోలిక ఉంది గానీ ఏ రెండూ ఒకటి కావు. షాపు తెరవడం ఆలస్యమైంది.

జూలై 4

జలుబు తగ్గింది, మాస్కు తీసింది. జవాబులు వచ్చాయి. "అలక తీరిందిరా?" అంటే అవునన్నాడు.

కాగితం చింపి షాపుకి తెచ్చుకున్నాను.

ఊపిరి బయటికొచ్చే పన్ను ఒకటి. ఆ తరువాత లోయ. లోయ అడుగున, లోపలికి పీల్చుకుంటున్న చోట, అవును.

జూలై 5

పీల్చుకుంటున్నప్పుడు వదలడం ఎలా కుదురుతుంది.

జూలై 6

పెద్ద తక్కెడ ఒకటి వచ్చింది. ముల్లు ఒకవైపే ఒరుగుతోంది. చూస్తే తప్పు తక్కెడది కాదు, బల్లది. రోజంతా దాంతో గడిపాను.

జూలై 8

మా ఆవిడ మందుల కోసం వెళ్లినప్పుడు ఆమె కూర్చునే చోట కూర్చున్నాను. వాడి చెవి వైపు వంగాను. ఏమీ అడగలేదు. ఊపిరి బిగబట్టి పెన్ను వైపు చూశాను. తరువాత వదిలాను.

అవును.

మేనకోడలు మొదటిరోజే గుమ్మంలో ఆగి చెప్పింది. సరే అన్నాను కూడా.

జూలై 9

చెప్పకపోతే ఏమవుతుందో ఆలోచించాను. డాక్టరు చూస్తారు. మాస్కు కట్టమంటారు. అక్కడ, అందరి ముందు, మా ఆవిడకి తెలుస్తుంది. లేదా డాక్టరు మాస్కు కట్టమనరు. అప్పుడు ఎవరికీ తెలియదు, నాకు తప్ప.

జూలై 10

చెప్పాను.

కాగితాలు పరిచి చూపించాను. వాడి ఊపిరి ఇది, నీ ఊపిరి ఇది అన్నాను. తను నమ్మలేదు. కుర్చీలో కూర్చోబెట్టి, మాస్కు కట్టించి, అడగమన్నాను. అడిగింది. పెన్ను తన దారిన తాను పళ్లు గీసుకుంటూ పోయింది. మాస్కు తీసి అడిగింది. లేచింది.

మాస్కు మడతపెడుతూ, "కిటికీ తీయమన్నది ఎవరు?" అంది.

"నువ్వే."

"రేడియో?"

నేను కాగితాలు చుట్టడం మొదలుపెట్టాను.

"ఇన్నాళ్లూ నాకు నేనే జవాబు చెప్పుకున్నానన్నమాట. పోనీ, మీరైనా ఆ ముక్క నాలుగు రోజులు ఆగి చెప్పలేకపోయారా? ఊరుకోవడం మీకు చేతకానిదా?"

అది నిజమే. నాకు బాగా చేతనైన పని అదొక్కటే.

జూలై 11

ఇంట్లో ఇప్పుడు ముగ్గురం మాట్లాడటం లేదు.

జూలై 13

ఇది జాగ్రత్తగా రాయాలి.

మా ఆవిడ వాళ్ల పెద్దమ్మని చూడటానికి పొద్దున్నే వెళ్లింది. షాపు మూసి ఇంట్లో ఉన్నాను. పెద్ద తక్కెడ రాళ్లకి పట్టిన చిలుము తీసే పని ఇంటికే తెచ్చుకుని, వాడి కాళ్ల వైపు నేల మీద కూర్చున్నాను. దుమ్ము లేస్తుందని ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకున్నాను. పెన్ను దాని పని అది చేసుకుంటోంది. ఆపాల్సింది, ఆపలేదు. అలవాటైంది.

లేచేటప్పుడు అన్నింటికంటే పెద్ద రాయి చేయి జారి కాలి బొటనవేలి మీద పడింది. నా నోట్లోంచి ఒక మాట వచ్చింది. ఇక్కడ రాయను. ఆ మాట నాకు తెలుసని నాకే తెలియదు.

వేలు పట్టుకుని గెంతుతూ మిషను వైపు చూశాను. పన్ను నున్నగా లేదు. ఊపిరి బయటికొచ్చే ఆ వాలు పొడుగునా చిన్న చిన్న మెట్లు. రంపం అంచులా.

రాయి పడ్డ అదురుకి అనుకున్నాను. మళ్లీ పడేశాను, ఈసారి నేల మీదే. పెన్ను ఒక్కసారి ఉలిక్కిపడి మామూలైంది. రంపం లేదు. రాయి లేకుండా ఆ మాట ఒక్కటే అన్నాను, పుస్తకంలో చదివినట్టు. చిన్న రంపం. మళ్లీ అన్నాను. ఏమీ లేదు. మళ్లీ అన్నాను, ఏమీ లేదు. కిటికీ తెరిచే ఉందని అప్పుడు గుర్తొచ్చింది.

నేను మనిషికి అవతలి చివర ఉన్నాను. నోటికి గుడ్డ ఉంది. ఇది నా ఊపిరి కాదు.

అద్దం ముందుకెళ్లి, వేళ్లు ముక్కు కింద పెట్టుకుని, రకరకాలుగా ఊపిరి వదిలి చూశాను. నిట్టూర్పు నున్నగా వస్తుంది. దగ్గు ఒక్కటే దెబ్బ. విడివిడిగా, చిన్నచిన్నగా, ఒకే ఊపిరి మీద అన్నిసార్లు వచ్చేది నాకు తెలిసి ఒక్కటే.

జూలై 14

మేనకోడలికి ఫోను చేశాను. నేను ఫోను చేయగానే ఎవరికేమైందని అడిగింది. చెప్పాను. నమ్మానని అనలేదు, నమ్మనని అనలేదు. చదివి చెబుతానంది. సాయంత్రం తనే చేసింది. కావాలని ఊపిరి బిగబట్టడానికి, వదలడానికి మెదడులో ఒక దారట. నవ్వు దానంతటది వచ్చే దారి వేరట. మొదటి దారి తెగిపోయినా రెండోది మిగలొచ్చట. "కానీ ఒక్కసారి చూసి ఏమీ అనలేం మామయ్యా, మళ్లీ మళ్లీ రావాలి" అంది.

అక్కడే వచ్చింది చిక్కు. ఉప్పు సీసాలో పొరని ఎన్నిసార్లు పెట్టినా అదే అంకె వస్తుంది. నవ్వు అలా కాదు. రెండోసారికి సగం, మూడోసారికి సున్నా. ప్రతిసారీ కొత్త సరుకు కావాలి.

సరుకు తేవాల్సింది నేను.

జూలై 15

పత్రికలో జోకులు చదివాను. పన్ను నున్నగా. రేడియోలో హాస్య నాటిక పెట్టాను. నున్నగా. నేను కూడా నవ్వలేదు, అది వేరే సంగతి.

విసుగొచ్చి, "జోకుల పత్రిక కొనడానికి వెళ్తే షాపతను నన్ను రెండుసార్లు పైకీ కిందికీ చూశాడురా" అన్నాను. ఇది జోకు కాదు, జరిగిందే.

రంపం.

అప్పుడు అర్థమైంది. వాడికి జోకులతో పనిలేదు. వాడు నవ్వేది నన్ను చూసి. ఎప్పుడూ అంతే.

నాకు అది నచ్చేది కాదని ఇదివరకు రాసినట్టున్నాను.

జూలై 16

మా ఆవిడకి చెప్పాను. ఈసారి చేతిలో కాగితాలు పెట్టి ఊరుకున్నాను. ఆమె ఒక్కో రంపాన్నీ వేలితో తడిమింది. మొదటి దాని దగ్గర ఏమన్నారని అడిగింది. చెప్పను అన్నాను. బలవంతం చేసింది. చెప్పాను. నా మొహం వైపు చాలాసేపు చూసింది.

తరువాత లేచి, మాస్కు కట్టుకుని, మంచం కాళ్ల వైపు, నా పక్కన వచ్చి నిలబడింది.

"తమ్ముడూ, మీ బావ మీసం ఎందుకు తీసేశారో నీకెప్పుడూ చెప్పలేదు కదూ," అంది. "ఆయన తీయించుకోలేదురా. బార్బరు పొరపాటున ఒకవైపు గీకేశాడు. ఈయన చూస్తూ కూర్చున్నారు. రెండోవైపు కూడా తీసెయ్యనా అంటే తలూపి, థాంక్సు చెప్పి వచ్చారు."

పెన్ను రంపం గీసింది. పొడుగ్గా. ఆ తరువాతి ఊపిరి మీద ఇంకొకటి.

మా ఆవిడ గోడ వైపు తిరిగిపోయి, మాస్కు మీద రెండు చేతులూ అడ్డం పెట్టుకుని నవ్వింది. తన ఊపిరి అటు పోకూడదని. భుజాలు కదులుతూనే ఉన్నాయి. చివర్లో అది నవ్వో కాదో నాకు తెలియలేదు. అడగలేదు.

జూలై 18

ఇద్దరం సరుకు పోగుచేస్తున్నాం, అంటే ఆమె పోగుచేస్తోంది, నేను సరుకు. వాడి దగ్గర ఇప్పుడే ఏదీ బయటపెట్టకూడదని ఒప్పందం. వంటింట్లో గుసగుసగా మాట్లాడుకుంటున్నాం. నాలో ఇన్ని ఉన్నాయని నేననుకోలేదు.

జూలై 20

వచ్చేసరికి పొద్దుపోయింది, అయినా రాస్తాను.

అంబులెన్సులో మిషను నా ఒళ్లో పెట్టుకున్నాను. డాక్టరుగారి గది చిన్నది, ఒకటే కిటికీ. డాక్టరు పెద్దావిడ, తక్కువ మాట్లాడుతుంది. నాకు ఊరట అనిపించింది. ఊపిరి జవాబుల సంగతి మా ఆవిడే ముందుగా చెప్పేసింది, అది నా ఊపిరేనండీ, నేను పొరపడ్డాను అని. డాక్టరు తల ఊపింది. అందరికీ మాస్కులు ఇచ్చింది. అందర్నీ మంచం కాళ్ల వైపు నిలబెట్టింది. నా చేతికి అక్కడున్న ఫ్రిజ్ వారంటీ పుస్తకం ఇచ్చి పైకి చదవమంది. చదివాను. పన్ను నున్నగా. ఇప్పుడు మీ మాటలు చెప్పండి అంది.

నేను మూడు తయారుచేసుకుని వెళ్లాను. మొదటిది చెప్పాను. నా గొంతు నాకే వినపడలేదు. నున్నగా. రెండోది మధ్యలో మర్చిపోయాను. నున్నగా. డాక్టరు తొందరపెట్టలేదు. అది ఇంకా కష్టంగా ఉంది. మా ఆవిడ నా చొక్కా వెనకవైపు పట్టుకుంది. మూడోది ఏమిటో అసలు గుర్తురాలేదు.

మాస్కు సర్దుకున్నాను. వాడి మొహం వైపు చూశాను. కళ్లు ఎప్పటిలాగే పైకప్పు వైపు. "ఒరేయ్," అన్నాను, "డాక్టరుగారి ముందు నా పరువు తీయకురా."

రంపం.

డాక్టరు ముందుకి వంగబోయి, గుర్తొచ్చి, వెనక్కి తగ్గింది. కాగితం మీద పెన్సిలుతో సున్నా చుట్టింది. మళ్లీ వారంటీ పుస్తకం చదవమంది. చదివాను. నున్నగా. "ఒక్కటైతే దగ్గు అనుకోవచ్చు. నేను మూడు చూడాలి," అని, సున్నా పక్కన రాస్తూ పైకే అంది, "ఒకటోసారి."

ఈసారి మా ఆవిడ చెప్పింది. దాచిపెట్టినవాటిలో అదే పెద్దది. "మీ బావ ఒకసారి ఎవరి పెళ్లికో బయల్దేరి వేరేవాళ్ల పెళ్లికి వెళ్లారురా. తెలిశాక కూడా ఎవరికీ చెప్పలేక, భోంచేసి, బహుమతి ఇచ్చి వచ్చారు. వాళ్ల పెళ్లి ఫొటోలో కూడా ఉన్నారట, పెళ్లికొడుకు పక్కన. నీకు తెలిస్తే మార్కెట్లో వేలం వేస్తావని నాతో ఒట్టు వేయించుకున్నారు."

రంపం. రెండు ఊపిరుల పొడుగునా.

డాక్టరు మాస్కు కూడా కొంచెం కదిలింది. సున్నా చుట్టింది. "రెండోసారి," అంది. పెన్సిలు ఎత్తి పట్టుకుని, ఆగి, నావైపు చూసింది, ఇంకోటి చెబుతానేమోనని.

నా దగ్గర ఇంకోటి లేదు.

పెన్ను ఒక పన్ను గీసింది. ఇంకొకటి గీసింది. మూడో పన్ను సగం ఎక్కి, అక్కడినుంచి దిగకుండా చిన్న చిన్న మెట్లతో వణుక్కుంటూ కాగితం అంచు దాకా పోయింది. మళ్లీ ఊపిరి. మళ్లీ రంపం. ఇంట్లో అంత పెద్దది ఎప్పుడూ రాలేదు.

"ఇప్పుడు మీరెవరూ ఏమీ చెప్పలేదు కదా," అంది డాక్టరు.

మా ఆవిడ నావైపు చూసింది. ఆమె కళ్లు నిండిపోయి ఉన్నాయి. చెప్పాల్సింది నేనే.

"మీరే చెప్పారండీ," అన్నాను.

అప్పుడు డాక్టరుగారికి వివరించాల్సి వచ్చింది. మార్కెట్టు, భోజనం బల్ల, గరిటె, కంచం, నా ఒక్క మాట, రెండోసారికీ మూడోసారికీ మధ్య వాడు ఆగే తీరు. మొదటినుంచీ చివరిదాకా నేనే చెప్పాను. మధ్యలో పెన్ను ఎన్నిసార్లు వణికిందో కాగితంలో ఉంది.

డాక్టరు అంతా విని, మూడో సున్నా చుట్టింది. ఇది మొదలు మాత్రమే, వాళ్ల పరికరాలతో మళ్లీ చూస్తారట, ఎంతవరకు కోలుకుంటాడో చెప్పలేమంది. వచ్చే సోమవారం శిక్షణ వార్డులో చేర్చమంది.

జూలై 21

పొర మార్చాలి. సిరా అడుగున కొంచెమే ఉంది. మేనకోడలిని ఇంకో సీసా అడగాలి.

పొద్దున్న మా ఆవిడ టీ ఇస్తూ ఏం ఆలోచిస్తున్నారంది. రేపటి మాట అన్నాను.

ఎవరెక్కినా ఒకే బరువు చూపించే తూకం మిషను సంగతి వాడికింకా తెలియదు. బాగుచేసే ముందు నేను కూడా ఎక్కి చూశాననీ, అది నా పెళ్లినాటి బరువు చూపించిందనీ, నమ్మి ఆ రోజంతా సంతోషంగా తిరిగాననీ చెప్పాలి.